అంగుళమున్నర కోసం ఒక వస్తాదు

యుద్ధం రోజుల్లో రైల్వేలో మనుషుల్ని తెగ తీసుకునేవారు. నాకూ ఉద్యోగం వచ్చినట్టే వచ్చి ఆగిపోయింది. పరీక్ష ప్యాసయ్యాను గానీ, డాక్టరు టేపు పెట్టి చూసి, ఛాతీ అంగుళమున్నర తక్కువ, మూడు నెలల్లో పెంచుకుని రమ్మన్నాడు. ఛాతీ ఏమైనా వంకాయ మొక్కా, నీళ్లు పోస్తే పెరగడానికి? అంతకు ముందు ఏడాదే విషజ్వరం నన్ను నలభై రోజులు మంచం దిగనివ్వలేదు. అదే జ్వరం మా అన్నయ్యను తీసుకుపోయింది. నేను మిగిలాను గానీ, ఎముకలకు చొక్కా తొడిగినట్టుండేవాణ్ణి.

విజయనగరంలో మాది గోగునార వ్యాపారం. ఆ నార దుమ్ములో కూచుని తుమ్ముతూ బతకడం నా వల్ల కాదు, ఎలాగైనా రైలెక్కి పోవాలని నా పట్టుదల. వస్తాదును పెట్టించమని నాన్నను అడిగాను. ఒప్పుకోడనుకున్నాను. మారు మాట్లాడకుండా సరేనన్నాడు. నా మాట మీద ఇంత గురి ఎప్పుడు కుదిరిందా అని లోలోపల మురిసిపోయాను కూడా, వెర్రివాణ్ణి.

మా ఊళ్లో కుస్తీ నేర్పే తాలింఖానాలకు కొదవ లేదు. కానీ షావుకారు కొడుకు గోచీ పెట్టుకుని నలుగురిలో మట్టిలో పొర్లడమేమిటని అమ్మ అడ్డుపడింది. దాంతో వస్తాదే ఇంటికి రావాలన్నారు. వాకబు చేస్తే రామతీర్థం వైపు ఒక రైతు ఉన్నాడని, ఒకప్పుడు కుస్తీల్లో ఆయన్ను పడగొట్టినవాడు లేడని తెలిసింది. కబురు పెడితే నేరుగా కొట్టుకే వచ్చాడు. ఆ గుమ్మంలోంచి ఆయన పక్కకు తిరిగి రావలసి వచ్చింది.

ఇక్కడ మా నాన్న తన తెలివి చూపించాడు. మా వ్యాపారంలో ధర నోటితో చెప్పరు. ఇద్దరి చేతుల మీదా తువ్వాలు కప్పి, లోపల వేళ్లు నొక్కి బేరమాడతారు, పక్కవాడికి తెలియదు. జీతం సంగతి గుమాస్తాల ముందు ఎందుకని, అలవాటు కొద్దీ నాన్న తువ్వాలు కప్పి, వస్తాదు వేళ్లు రెండు పట్టుకుని నొక్కాడు. పాపం, ఆయనకు ఈ బేరాలేం తెలుసు! కుస్తీ పట్టేవాళ్లలో చేతిలో చెయ్యి వేసి నొక్కితే, నీ బలమెంతో చూపించమని అర్థం. చూపించాడు. నాన్న కేకకు బయట బండి ఎడ్లు బెదిరిపోయాయి.

"సెయ్యిచ్చి నొక్కినారు గదా అని నానూ నొక్కినాను సావుకారూ. నా తప్పేటి?" అన్నాడు వస్తాదు, నిజంగానే కంగారుపడి.

చెయ్యి విదిలించుకుంటూనే నాన్న ఆయన్ను కుదుర్చుకున్నాడు. నాకు తెలిసి బేరం లేకుండా ఆయన చేసిన పని అదొక్కటే.

మర్నాటి నుంచి వస్తాదు నా పని పట్టాడు. పొద్దున్నే పెరట్లో దండీలు, బస్కీలు. మొదటి వారం గోడ పట్టుకుని గానీ మెట్లెక్కలేకపోయాను. రోజూ గుడ్లు తినాలన్నాడు. అమ్మ ఆ మాటకు రెండు చెవులూ మూసుకుంది. చివరికి మినపసున్నుండల దగ్గర రాజీ కుదిరింది. రాగిపిండితో కాచే చోడి అంబలి, నానబెట్టిన సెనగలు సరేసరి. నాన్న రోజూ వేపపుల్ల నములుతూ పెరటి గుమ్మంలో నిలబడి చూసేవాడు. కొట్టు తెరవడం ఆలస్యమైనా కదిలేవాడు కాదు. పెట్టిన ఖర్చుకు పని జరుగుతోందా లేదా అని కాపలా కాస్తున్నాడనుకుని నాకు ఒళ్లు మండేది.

మూడో నెల చివర వాల్తేరు వెళ్లి డాక్టరు ముందు రొమ్ము విరుచుకుని నిలబడ్డాను. కావలసినదానికి పావు అంగుళం ఎక్కువే వచ్చింది. ఎగురుకుంటూ మా కొట్టుకు వచ్చి, సోమవారం చేరిపోవాలని చెప్పాను.

నాన్న చేతిలోని నారకట్ట కింద పెట్టాడు. మొహం చిన్నబుచ్చుకుని, దాని ముడి విప్పి మళ్లీ కట్టాడు. నాకు కోపం వచ్చింది. ఉద్యోగం కోసం మీరే వస్తాదును పెట్టించి, తీరా వచ్చాక ఈ మొహమేమిటని అడిగేశాను.

"ఉజ్జోగం కోసమని నువ్వనుకున్నావురా," అన్నాడు. "మీ అన్న ఎల్లిపోయాడు. నువ్వూ ఎల్లిపోతావేమోనని నాకు నిద్దర పట్టీది కాదు. నీ ఒంటికింత కండ పడితే సాలని ఆయన్ని ఎట్టినాను. పడింది. ఇంక ఎక్కడున్నా బతుకుతావు. ఎల్లు."

వద్దని ఒక్క మాట అని ఉంటే పోట్లాడేవాణ్ణి. అనలేదు. అంత ఛాతీ వేసుకుని, గుమాస్తాలందరూ చూస్తుండగా, ఆయన భుజం మీద తల పెట్టి వలవలా ఏడ్చాను.