జబ్బకు కట్టిన నల్ల రిబ్బను

మా వదిన పోయిందని అన్నయ్య ఫోన్ చేసినప్పుడు నేను గుంటూరులో, మా స్కూల్లో పాఠం చెబుతున్నాను. వారం రోజులుగా జ్వరం. తగ్గిపోతుందిలే అనుకున్నాం. "మీ వదిన ఇక లేదమ్మా" అని ఒక్క మాటే అన్నాడు. ప్రత్తిపాడు దగ్గర మా ఊరు చేరేసరికి ఆమె కబడ్డీ నేర్పిన ఆడపిల్లలు చెప్పులు విడిచి ఇంటి ముందు వరసగా కూర్చుని ఉన్నారు. చూడటానికి వచ్చినవాళ్లలో చాలామందికి ఆమె ఒకప్పుడు రాష్ట్ర జట్టులో ఆడిన మనిషని తెలియదు.

ఆమె పెళ్లయి వచ్చిన కొత్తలో మా చేలో మిరపకోతలు. సాలు మొదట్లో నిలబడి గుండెనిండా ఊపిరి పీల్చుకుని, పెదాల లోపలే "కబడ్డీ కబడ్డీ" అనుకుంటూ కాయలు కోసుకుపోయేది. ఊపిరి తెగిన చోట మొక్క పక్కన ఒక పుల్ల గుచ్చేది. మర్నాడు ఆ పుల్ల దాటాలి. కూలికొచ్చినవాళ్లు మీ వదినకు గాలి సోకిందని నన్ను ఆటపట్టించేవారు. నేనూ ఆడపడుచునే కదా, ఊరుకుంటానా, మిరపకాయల్ని ఔట్ చేస్తున్నావా అని వెంటపడేదాన్ని. సాలు చివరికెళ్లాక గానీ జవాబు వచ్చేది కాదు. "నన్ను పలకరించబాక. ఊపిరి పోద్ది."

అప్పటికే ఆమెను ఆటకు పిలవడం మానేశారు. మళ్లీ పిలుస్తారని ఆమె ఊపిరి పెంచుకుంటోంది.

వాళ్ల పుట్టిల్లు తుళ్లూరు పక్కన. రాజధానికి భూములు తీసుకున్నప్పుడు, పట్టా భూములకు ఇచ్చినంత తమలాంటి పేదలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూములకూ ఇవ్వాలని వాళ్ల నాన్న దీక్షా శిబిరంలో కూర్చున్నాడు. ఆ రోజుల్లోనే ఒక ఫైనల్లో ఈమె జబ్బకు నల్ల రిబ్బను కట్టుకుని కూతకు వెళ్లింది. నినాదం చేయలేదు, ఎవర్నీ తిట్టలేదు. మర్నాడు పేపర్లో ఫొటో వచ్చింది. బిడ్డకు పేరొచ్చిందని మురిసిపోయి వాళ్ల నాన్న దాన్ని ప్రభువు పటం పక్కన అంటించాడు, పాపం. ఇంతలో ప్రతిపక్షం వాళ్లు అదే ఫొటోను ఫ్లెక్సీ మీద వేసి సెంటర్లో కట్టేశారు. ఆమెను ఒక్క మాట కూడా అడగలేదు.

తర్వాతి సెలక్షన్లలో ఆమె పేరు లేదు. అడిగితే ఫిట్‌నెస్ లేదన్నారు. స్పోర్ట్స్ కోటాలో రావలసిన ఉద్యోగమూ రాలేదు. రిబ్బను మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఎత్తి ఉంటే ఆమె జవాబు చెప్పేది.

ప్రభుత్వం మారింది. ఫ్లెక్సీ కట్టినవాళ్లే గద్దెనెక్కారు. ఇప్పుడైనా న్యాయం జరుగుతుందని అన్నయ్య ఆమెను వెంటబెట్టుకుని వాళ్ల నాయకుడి దగ్గరికి వెళ్లాడు. టీ ఇచ్చారట, మర్యాదగానే మాట్లాడారట. మా వదిన ఆట సంగతితో ఊరుకోకుండా, మా నాన్న భూమి ఏం చేశారండీ అని అక్కడా అడిగింది. ఆ పెద్దమనిషి నవ్వాడట. "ఆ రోజు వాళ్ల మీద కట్టావు. రేపు మా మీదా కడతావు కదమ్మా?"

ఆ ఏడు కోతల్లో ఆమె పుల్ల గుచ్చడం నేను చూడలేదు.

క్రీడాకారులు నోరు విప్పితే ఆట పోతుందా అని టీవీలో చర్చలు పెడుతుంటారు. పెద్ద పేరున్నవాళ్లకు పోదేమో, నాకు తెలియదు. మా ఇంట్లో పోయింది. ఎవరు తీశారో చెప్పడానికి వీల్లేకుండా పోయింది. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఎండిన మిర్చి ఎత్తేశాక మా కల్లంలో సున్నంతో గీతలు గీసి ఆమె పిల్లలకు ఆట నేర్పింది. ఆ నేల ఘాటుకు పడినవాళ్లకల్లా తుమ్ములు, కళ్లమంట. ఇక్కడ కూత ఆపనోళ్లు ఎక్కడా ఆపరు అనేది. నా కూతురు కూడా అక్కడే నేర్చుకుంది. ఆ రుణం నేను తీర్చుకోలేను. సెలక్షన్లకు బయల్దేరే ముందు అందర్నీ చేతులు చాచమనేది. గోళ్లు చూడటం ఆట నిబంధన. జబ్బలు చూడటం మాత్రం ఆమె నిబంధన. దర్గా తాయెత్తు, చర్చిలో ఇచ్చిన బ్యాండు, అమ్మవారి దారం, ఏది కనిపించినా విప్పించేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నువ్వు కట్టుకున్నది తప్పా వదినా అని.

"తప్పని నేనెప్పుడన్నా అన్నానా? నా ఆట ఎటూ అయిపోయింది. వీళ్లనన్నా ఆడనీ."

ఆమెను సమాధి చేసిన తర్వాతి వారమే గుంటూరులో సెలక్షన్లు. అన్నయ్యా నేనూ పిల్లల్ని తీసుకెళ్లాం. అందరూ జబ్బలకు నల్ల రిబ్బన్లు కట్టుకుని వచ్చారు. వాళ్లకు ఆట నేర్పిన మనిషి పోయిన దుఃఖానికి కట్టుకున్నవే. విప్పమని చెప్పడానికి నాకు నోరు రాలేదు, ఉండనీయమని చెప్పే ధైర్యమూ లేదు.

కోర్టు పక్కన పిల్లలు అలవాటు కొద్దీ చేతులు చాచి వరసగా నిలబడ్డారు. చూసే మనిషి లేదు. నా కూతురు తన జబ్బ వైపు చూసుకుని, ముడిని పళ్లతో లాగి విప్పింది. ఒకర్ని చూసి ఒకరు అందరూ విప్పారు. రిబ్బన్లు అందులో వేయమని అన్నయ్య తువ్వాలు పట్టాడు.

పేరు పిలవగానే నా కూతురు మొదటి కూతకు వెళ్లింది. జబ్బ మీద రిబ్బను అచ్చు ఇంకా ఎర్రగానే ఉంది.