తూర్పు గడప రాయి

ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్ వదిలి సొంత ఇల్లు కొనుక్కుందామని తిరుగుతున్న రోజుల్లో ఆ రాతి ఇల్లు కనబడింది. తరాల కిందట ఇంగ్లండు నుంచి ఈ దేశానికి వలసొచ్చిన రైతు కుటుంబమొకటి, తమ ఊళ్ళో ఇళ్ళు ఎలా ఉండేవో అచ్చం అలాగే, పొలంలో దొరికిన రాయితో కట్టుకున్నదట. గోడలు మూరన్నర మందం. కిటికీ గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చోవచ్చు. చలిగాలికి భయపడి ఉత్తరాన ఒకే ఒక్క చిన్న కిటికీ పెట్టారు. దక్షిణాన మాత్రం ఎండ కోసం వరసగా కిటికీలు, వాటి నడుమ సింహద్వారం. ఇది మాకు దక్కితే చాలు స్వామీ అని మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

చిక్కల్లా ఆ సింహద్వారంతోనే వచ్చింది. మాతో ఉంటున్న మామగారు ఈ దేశంలోనే డాక్టరుగా చేసి రిటైరయ్యారు. కారు దిగకముందే ఫోన్‌లో దిక్కులు చూసి, "సౌత్ ఫేసింగ్. నాకొద్దమ్మా," అన్నారు.

మా ఆయన రాజీ మార్గం వెతికారు. ఆ తలుపు మూయించేసి, హాల్లో తూర్పు గోడ కోయించి కొత్త గుమ్మం పెట్టిద్దామన్నారు. ఇల్లు అమ్ముతున్న ముసలావిడకీ అదే చెప్పారు. ఆవిడ పుట్టింది ఆ ఇంట్లోనే. కోపం తెచ్చుకోలేదు. గోడ మీద చెయ్యి ఆనించి, కోసేట్టయితే అమ్మలేనని మెల్లగా చెప్పింది.

ఇక చేసేదేముంది, బయల్దేరాం. ఆవిడ మమ్మల్ని వంటింటి తలుపు గుండా సాగనంపింది. మా అమ్మ నన్ను బడికి పంపకుండా ఇంట్లోనే చదివించింది. అక్షరాలకన్నా ముందు నేర్పింది, గడప తొక్కకుండా వంగి తాకి దాటడం. అలవాటు కొద్దీ వంగాను. ఆ గడప రాయి నడిమధ్యన పళ్ళెంలా గుంటపడి, గంధపు సానలా నున్నగా ఉంది. వచ్చేటప్పుడు తాకిన సింహద్వారం రాయికేమో నిన్ననే చెక్కినట్టు అంచులు పదునుగా ఉన్నాయి. ఇదేమిటని ఆవిడనే అడిగాను.

"ముందు తలుపు పెళ్ళికూతురికీ, శవపేటికకీ. ఇంట్లో వాళ్ళమంతా ఎప్పుడూ ఇటే," అంది.

ఇటు అంటే తూర్పు. మామగారు మళ్ళీ ఫోన్ తీసి చూశారు.

"శవాన్ని దక్షిణంగానే పంపారు చూడరా. వాళ్ళకీ తెలుసు."

"పెళ్ళికూతురు కూడా అటే వచ్చింది కదా నాన్నా?"

"అదొక్కటీ తెలియక చేసుంటార్లే."

గోడ కోయలేదు. గృహప్రవేశం నాడు తూర్పు గడపకి పసుపు రాసి, బొట్లు పెట్టి, కుడికాలు లోపల పెట్టాం. పాలు పొంగాయి. పిలవగానే ఆవిడా వచ్చింది. వంటింటి గుమ్మం దగ్గర ఆగి, నా భుజం ఆసరా చేసుకుని కష్టపడి వంగి, పుట్టినప్పటి నుంచీ తొక్కి నడిచిన ఆ రాయిని చేత్తో తాకింది. వేళ్ళకంటిన పసుపు తుడుచుకోకుండానే లోపలికొచ్చి పరమాన్నం తిన్నది.

ఆ రాయిని అంత నున్నగా అరగదీసిన పాదాలన్నిటికీ కలిపి, రోజూ పొద్దున్నే ఒక దణ్ణం పెట్టుకుంటాను.