పూల పుస్తకం, బంతుల పుస్తకం

"సుద్ద రాసినావేటే?" అని అడిగాడు మా అయ్య.

"రాసినానయ్యా," అన్నాను.

మా ఇద్దరి ఆఖరి మాటలు అవే. అప్పటికి ఆయన మంచం పట్టి నాలుగు నెలలు. నా చేతిలో బంతుల్ని కొట్టే కర్రా లేదు, కర్ర కొసకు రాసే నీలం సుద్దా లేదు, గంజి గిన్నె ఉంది. అయినా రాశానన్నాను, ఆయన నిమ్మళంగా కళ్లు మూసుకున్నాడు. ఇవాళ నేను చెప్పేది రాయడానికి మా మనవరాలు హైమ కొత్త నోటుబుక్కు తెరిచేసరికి తెల్లకాగితం వాసన గుప్పుమంది, ఆ వాసన వెంటే అయ్యా నేనూ పుస్తకం కోసం విజయనగరం వెళ్లిన రోజులు వచ్చేశాయి. మా ఆయన బతికుండగా ఇది ఎన్నిసార్లు విన్నాడో. ఆయన పోయాక అడిగేవాళ్లు లేక గొంతులోనే ఉండిపోయింది.

మా అయ్య ఫ్యాక్టరీ దొరల క్లబ్బు ఊడ్చేవాడు. వానలు వెనకబట్టి చోడిచేలు, అదే రాగిచేలు, కంకి మీదకొచ్చే రోజుల్లో, అమ్మ పోసిన చోడి అంబలి చెంబు, మీద ఒక ఉల్లిపాయ, ఒక పచ్చిమిరపకాయ పట్టుకుని మధ్యాహ్నం నేను వెళ్లి కిటికీ దగ్గర నిలబడేదాన్ని. లోపల బల్ల. దాని మీద పరిచిన బట్ట, నారు పోసిన ఆకుమడి ఎంత పచ్చగా ఉంటుందో అంత పచ్చగా ఉండేది. పైనుంచి దించి వేలాడగట్టిన దీపం వెలుగులో ఎర్రవీ పసుపువీ బంతులు ఒకదాన్నొకటి ముట్టుకుని 'టక్' మనేవి, ఆ చప్పుడుకి నా ఒళ్లు ఝల్లుమనేది. మూలల్లో ఉన్న కన్నాల్లోకి బంతి పడినప్పుడల్లా అది భూమిలోకే వెళ్లిపోయిందనుకునేదాన్ని.

ఆ ఆటకి లెక్క చూసి బంతులు పేర్చే మార్కరు పని మానేసి వాళ్ల ఊరెళ్లిపోయాడు. కొత్తగా వచ్చిన పెద్దదొర మా అయ్యని పిలిచి, దీన్ని పూల్ అంటారు, దసరా లోపల పుస్తకం చూసి నేర్చుకుంటే మార్కరువి నువ్వే, లేదంటే విశాఖపట్నం నుంచి మనిషొస్తాడు, ఊడ్చే పనీ అతనిదే అన్నాడట. ఆ పని పోతే అయ్య కూడా మా పెదనాన్నలా మద్రాసు రేవుకి మూటలు మోసే కలాసీగా పోవాలి. పెదనాన్న ఏడాదికోసారి వస్తే, ఆయన పిల్లలే ఆయన్ని చూసి తలుపు చాటుకెళ్లేవారు. నాకు భయమేసింది.

మా ఇంట్లో అక్షరాలొచ్చినదాన్ని నేనే, రెండో తరగతి. అందుకని అయ్య నన్ను గరివిడి స్టేషనులో రైలెక్కించి విజయనగరం తీసుకెళ్లాడు. గంటస్తంభం దగ్గర ఒక సందులో, నేల నుంచి కప్పు దాకా పుస్తకాలే ఉన్న కొట్టు చూసి నోరు తెరిచి నిలబడిపోయాను.

"పూలాట పుస్తకం కావాల బాబూ," అన్నాడు అయ్య.

"ఏ పూలు?" అన్నాడు కొట్టాయన.

"బంతులు బాబూ. ఎర్రవీ పసుపువీ ఉంటాయి సూడు, అయ్యే."

"బంతులొక్కటే ఏటి, సేమంతులు కూడా ఉన్నాయి ఇందులో. పట్టుకెల్లు."

చేమంతులంటే దొరలాడే ఇంకో ఆట కాబోలనుకున్నాడు అయ్య. అట్ట మీద బొమ్మ లేదు. నన్ను చదవమన్నాడు. నేను వేలు పెట్టి "పూ... ల..." అని కూడబలుక్కుని, అక్కడితో ఆపేసి, ఇదేనయ్యా అన్నాను. ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుని, దీపం ముందు పెట్టి దణ్ణం పెట్టాక తెరిచాం. లోపల మొక్కలు, మడులు, పేడ ఎరువు. అమ్మ తొంగి చూసి, "దొరలు కర్రట్టుకుని బంతిమొక్కలకి గొప్పు తవ్వుతారేటి?" అంది. అయ్య పుస్తకం మూసి మళ్లీ సంచిలో పెట్టాడు. తిట్టినా బాగుండేది.

మళ్లీ ఆదివారం వెళ్లాం. అది దొరలు బల్ల మీద కర్రతో ఆడే ఆటని అయ్య చెబితే, కొట్టాయన కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వి, నిచ్చెన ఎక్కి మూడు ఇంగ్లీషు పుస్తకాలు దించాడు. ఒకటి ఇటుకంత లావు, బొమ్మే లేదు, ఇది చదివితే దొరకే పాఠం చెప్పొచ్చన్నాడు. రెండో దాంట్లో కోటు వేసుకున్న మనిషి ప్రతి పేజీలోనూ నవ్వుతున్నాడు, బంతి ఎక్కడో కాళ్ల దగ్గర. మూడోది పల్చగా, వెనకట్ట చిరిగి ఉంది. అందులో బల్ల గీసి, సున్నాలు పెట్టి, సున్నా నుంచి సున్నాకి చుక్కలు పెట్టారు. లావు పుస్తకంలో విద్య ఎక్కువుంటుందని అయ్య దాన్నే చంకలో పెట్టుకున్నాడు. నేను పల్చటిదాని మీద వేలు పెట్టి, "అయ్యా, ఇది ముగ్గే," అన్నాను.

అయ్య వంగి చాలాసేపు చూశాడు.

"అంటే బంతి ఎల్లకముందే దాని దారి తెలుస్తాదన్నమాట," అన్నాడు, దేవుడి ముందు మాట్లాడినట్టు నెమ్మదిగా.

లావు పుస్తకం తిరిగిచ్చేశాడు.

అప్పటినుంచి రోజూ తెల్లారి, అమ్మ కళ్లాపి జల్లిన వాకిట్లో నేను ఒక్కో పేజీ ముగ్గేసేదాన్ని, చుట్టూ నాలుగు చెక్కలు పెట్టి గోళీలు పేర్చేదాన్ని. అయ్య బోర్లా పడుకుని వెదురుపుల్లతో కొట్టేవాడు. గోళీ చెక్కకి ఎంత వాలుగా వెళ్లి తగిలితే అంతే వాలుగా తిరిగొచ్చేది. పదిసార్లు కొట్టి, పదిసార్లూ అలాగే వస్తే, అయ్య ఆ చెక్కకి దణ్ణం పెట్టాడు. బొమ్మల కింద ఇంగ్లీషులో ఏం రాశారో నాకు ఈరోజుకీ తెలియదు.

దసరా ముందు రోజు మధ్యాహ్నం పెద్దదొర బల్ల మీద ఎర్రబంతిని కన్నం అంచున పెట్టి, దానికి అడ్డంగా ఇంకో బంతి పెట్టి, తెల్లబంతితో ఎర్రదాన్ని కొట్టి పడెయ్యమన్నాడు. నేను అంబలి చెంబుతో కిటికీ దగ్గరున్నాను. అయ్య కర్ర కొసకు సుద్ద రాసి, బంతి వైపు కాకుండా, ఏమీ లేని పక్క అంచు వైపు చూశాడు. తెల్లబంతి అంచుకి తగిలి, తిరిగొచ్చి, ఎర్రదాన్ని ఊరికే ముట్టుకుంది. ఎర్రది పడనా మాననా అన్నట్టు నిలబడి, లోపలికి పోయింది.

దొర ఏ పుస్తకం చదివావన్నాడు.

"సదవలేదు బాబూ, నాకు రాదు. మా గుంట ముగ్గేసింది, నాను సూసినాను."

దొర కిటికీ వైపు తిరిగి, నన్ను లోపలికి రమ్మని, ఆ పచ్చబట్ట ముట్టుకోమన్నాడు. చెయ్యి లంగాకి తుడుచుకుని ముట్టుకున్నాను. దూడ చెవిలా మెత్తగా ఉంది. అయ్య మద్రాసు వెళ్లలేదు.

తమ్ముడు పుట్టాక నన్ను బడి మాన్పించారు. క్లబ్బు ఎప్పుడో పడగొట్టారు, అక్కడిప్పుడు లారీలు నిలబెడుతున్నారు. పల్చటి పుస్తకం చెదలు తినేసింది. ఈ వీధిలో వాకిళ్లకి ముగ్గుల బొమ్మలు కొని అంటిస్తున్నారు, చుక్క పెట్టే చెయ్యే కనబడదు.

ఒసే హైమా, రాసినావా? నా మాటలు నీ బడి మాటల్లోకి మార్సుకో, నానేటీ అనుకోను. అయ్య మాట మాత్రం దిద్దకు. ఏదీ, మొదట్నుంచి సదువు, ఇంటన్నాను.