పదిహేడు పెద్దవాగులు, ఒక రబ్బరు బ్యాండు

స్కాట్లాండులో పదిహేడు వాగుల్ని ఒక్క పూటలో మాయం చేసిన ఘనుణ్ణి నేనే. ఆనకట్టేమీ కట్టలేదు. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్కులో ఏసీ కింద కూర్చుని, ఒక రబ్బరు బ్యాండుతో పని ముగించాను. ఎలాగో చెబుతాను, మీరు నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కంప్యూటర్ కోర్సు చేసినవాళ్లంతా విమానం ఎక్కుతున్న రోజులవి. నేనూ పత్రికలో డెస్కు ఉద్యోగం వదిలి, నాలుగు నెలల కోర్సుతో సింగపూర్‌లో దిగాను. మా కంపెనీకి ఒక వింత పని వచ్చింది. స్కాట్లాండులో ఒక రిటైర్డు టీచరమ్మ తన చర్చి చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి, గొర్రెల కాపరులు గేలిక్ భాషలో చెప్పిన గుట్టల పేర్లు, వాగుల పేర్లు, వాటి అర్థాలు చీటీల మీద రాసుకుంది. ఇరవై ఏళ్ల కష్టం. ఆ చీటీలే పల్లెకో కట్టగా పంపింది, కంప్యూటర్‌కి ఎక్కించమని.

విప్పితే ఏ కట్టలో చూసినా "అల్ట్ మోర్, పెద్ద వాగు" అనే చీటీ. ఒకే వార్త రెండుసార్లు వస్తే మంత్రిగారిదైనా కొట్టేసిన చెయ్యి నాది. ఊరుకుంటుందా? మొదటి కట్టలో ఒకటి ఉంచి, మిగతా పదిహేడూ లాగేసి రబ్బరు బ్యాండు వేశాను.

"వెరీ క్లీన్ లా," అన్నాడు మా మేనేజర్ లిమ్, సింగపూర్ యాసలో. ఆ రోజంతా నా కాళ్లు నేలకు ఆనలేదు.

వారం తర్వాత, మేం ఎక్కించి పంపిన జాబితా చూసి టీచరమ్మ ఫోన్ చేసింది. స్పీకర్ చుట్టూ లిమ్, మా టీమ్ లీడర్ పద్మజగారు, నేను.

"మా ఇంటి వెనక వాగు కనిపించడం లేదు," అంది మెల్లగా.

"ఉంది మేడమ్. మొదటి పల్లెలో చూడండి," అన్నాను.

"అది వేరే వాగు."

"పేరు అదేగా మేడమ్."

పద్మజగారు మ్యూట్ నొక్కారు.

"సుధాకర్ గారూ, మీది ఏ జిల్లా?"

"ఆదిలాబాద్ అండీ."

"అక్కడ పెద్దవాగులెన్ని?"

"మూడు నాలుగు ఉంటయండీ."

"ఒకదాంట్లో పడినవాణ్ణి ఇంకోదాంట్లో వెతుకుతారా?"

నేను మ్యూట్ తీసి, "చీటీలు భద్రంగా ఉన్నాయి మేడమ్, మళ్లీ ఎక్కిస్తాం," అన్నాను.

"ఏది ఏ కట్టలోంచి తీశారో రాసుకున్నారా? నేను చీటీ మీద ఊరు రాయలేదు. కాపరి ముందు నడుస్తూ చెప్పేవాడు, నేను వెనక రాసుకుంటూ పోయేదాన్ని. ముందు చీటీ, వెనక చీటీ చూస్తేనే చోటు తెలుస్తుంది."

లిమ్ నా మొహం చూశాడు. "కెన్ ఫిక్స్, రైట్?"

"రాసుకోలేదు మేడమ్. తీసింది నేనే. ఆ కాపరులను మళ్లీ అడిగితే?"

"ఇద్దరే మిగిలారు," అంది.

తర్వాత పదకొండు రోజులు ఒక్కో చీటీ స్కాన్ చేసి పంపాను. తప్పిపోయిన పిల్లల్ని పుట్టుమచ్చలతో పోల్చుకున్నట్టు, సిరా రంగు, మడత, వానచుక్క చూసి ఆవిడ గుర్తుపట్టేది.

అప్పుడే క్యాంటీన్‌లో కాఫీ కప్పు మీద చెయ్యి వేసి ప్రతిజ్ఞ చేశాను: రెండోసారి వచ్చిందని ఇక దేన్నీ కొట్టేయను. ఒకే పెళ్లికి రెండు శుభలేఖలొస్తే రెండుసార్లు భోంచేస్తాను.

పద్నాలుగు వాగులు తమ తమ ఊళ్లకు చేరాయి. మిగిలిన మూడింటి పేర్లు చెప్పిన కాపరి అప్పటికే పోయాడు. అవి ఎక్కడ పారుతున్నాయో టీచరమ్మకూ తెలియదు.