మునిగిన ఊరి చిరునామా

నా బడి చదువు అయిదో తరగతితో ఆగింది. అయినా మాచర్ల దగ్గరి మా ఊరి గ్రంథాలయంలో ఉన్న పాత కావ్యాలన్నీ వరసగా చదివేశాను. రాజ్యం పోయి అడవుల పాలైన రాజుల కథలంటే నాకూ, గ్రంథపాలకుడికీ ప్రాణం. ఆ ఘట్టాలు పైకి చదువుతూ ఆయన కళ్లు తుడుచుకునేవాడు.

కృష్ణ మీద ఆనకట్ట కట్టాక నీట మునిగిన ఊరి పెద్దాయన ఒకాయన ఓరోజు గ్రంథాలయానికి వచ్చాడు. ఆ ఊళ్లో పురాణం చదివి వినిపించేది ఆయనే. ఇప్పుడు రేకుల షెడ్లలో ఉంటున్న తన ఊరివాళ్లకు చదవడానికి అడవికి పోయిన రాజు కథ కావాలన్నాడు.

"ఇంటి నంబరు లేందే కార్డు ఇయ్యకూడదు పెద్దాయనా, రూలు," అన్నాడు గ్రంథపాలకుడు.

"ఆ రాజుకి అడివిలో ఇంటి నంబరు ఏందయ్యా?"

"అది కథ."

"అయితే రాసుకో. కృష్ణ అడుగున, గుడి పక్క ఇల్లు."

గ్రంథపాలకుడు పకపకా నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. రాజు ఇల్లు వదిలితే ఏడ్చేవాడికి, ఎదురుగా నిలబడ్డ మనిషి ఇల్లు పోవడం నవ్వులాటా? నా కార్డు మీద పుస్తకం తీసి పెద్దాయన చేతిలో పెట్టబోయాను.

"వద్దు నాయనా. ఊరూ ఇల్లూ పొయినయ్. పేరన్నా నాది ఉండనీ," అని ఆయన వెళ్లిపోయాడు.

ఆయన పేరున కార్డు రాసిన రోజే నాది వెనక్కి తీసుకుంటానని గ్రంథపాలకుడికి చెప్పి, నా కార్డు బల్ల మీద పడేశాను. తర్వాత పుస్తకాల కోసం గురజాల దాకా బస్సెక్కి పోయాను గాని, ఆ కార్డు మళ్లీ అడగలేదు.