తుడిచేసిన తెల్ల గ్రీజు

మా కడపలో మోటారు బండ్ల కరెంటు పని అంటే మునిరత్నమే. ఆయన షెడ్డు పక్కనే నా పంక్చర్ల కొట్టు. మనిషి బంగారం, శుభ్రం పిచ్చి మాత్రం ముదిరిపోయింది. బ్యాటరీ కొనల మీద తెల్లగా ఉప్పు పేరుకుందంటే పగవాణ్ణి చూసినట్టు చూసేవాడు. వేడినీళ్లు పోసి, బ్రష్షుతో రుద్ది గానీ బండిని వదిలేవాడు కాదు. "ఇంట్లో అంట్లు గూడా నువ్వే తోముతావా ఏమప్పా?" అని ఏడిపించేవాణ్ణి.

యాభై తొమ్మిది ఎండాకాలంలో రాజంపేట బట్టల వ్యాపారి రామకోటయ్య తన కారు తెచ్చాడు. అందులో కొత్తరకం రేడియో. ఇంజను నడిచిందంటే చాలు, పాట మీద ఒకటే గరగర.

"ఎల్లుండి మా ఇంటామె రాజ్యలక్ష్మిని ఆపరేషనుకు రాయవేలూరు ఆస్పత్రికి తీసుకపోతాండా మునిరత్నం. ఆ పొద్దే మధ్యాన్నం మా బిడ్డ ప్రమీల మద్రాసు రేడియోలో మొదటిసారి పాడతాది. దారిలో అది వినల్లంట. శానా ఆశ పెట్టుకోని ఉండాదప్పా," అన్నాడు.

గరగర డైనమోదేనని మునిరత్నం ఇట్టే పట్టేశాడు. కండెన్సరు బిగిస్తే పోయింది. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! లోపల దుమ్ము కూడా దులుపుదామని సెట్టు విప్పాడు. చివరి వాల్వు గాజుబుడ్డి ఉండాల్సిన చోట, అల్యూమినియం రేకుకు బిగించిన రూపాయి బిళ్లంత ట్రాన్సిస్టరు. దాని కింద వెన్నలా తెల్లగా ఏదో ఉంది. బ్యాటరీ ఉప్పు లోపలికీ పాకిందనుకున్నాడు. గుడ్డతో శుభ్రంగా తుడిచి బిగించాడు. పాట పెట్టి ఆ బిళ్లకు వేలు ఆనిస్తే కాలింది. వాల్వులతో బతికినవాడు కదా, వేడెక్కితేనే పాడుతుందని ఆయన లెక్క. "జోరుగా పనిచేస్తాండాది సూడు," అని మురిసిపోయాడు. నేనూ తలూపాను, నాకేం తెలుసు?

నెల తర్వాత డ్రైవరు ఆ సెట్టు తెచ్చి పెట్టాడు. దారిలోనే మూగబోయిందట. రాజ్యలక్ష్మమ్మ ఆపరేషను బల్ల మీది నుంచి లేవలేదట.

మునిరత్నం సెట్టు పట్టుకుని మద్రాసు పోయాడు. అక్కడి మేస్త్రీ విప్పి చూసి చెప్పాడు: ట్రాన్సిస్టరు వేడిని రేకుకు చేరవేసేది ఆ తెల్ల గ్రీజేనట. అది లేకపోతే వేడి లోపలే నిలుస్తుంది. వేడెక్కేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతుంది, లాగేకొద్దీ ఇంకా వేడెక్కుతుంది. మన ఎండల్లో గంట కూడా బతకదు. "ఎవరు తుడిచింది?" అంటే, "నేనే," అన్నాడట మునిరత్నం.

అట్నుంచి అటే రాజంపేట పోయి, చేసింది ఒప్పుకుని, తిరిగొచ్చి నా కొట్టులో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాడు. మంచికి పోతే చెడు ఎదురైంది. మళ్లీ రేడియో ముట్టలేదు. రామకోటయ్య తిట్టలేదట, తిట్టి ఉంటే బాగుండేదన్నాడు. ఆయన చెప్పింది ఇంతేనట:

"రేడియోలో లైటు వెలుగుతానే ఉన్న్యాది మునిరత్నం. చెడిపోయిందని నేను చెప్పలేదు. ఆయమ్మ దానికి చెవి ఒగ్గి, 'సద్దు చేయాకండి, పాప ఇంగా మొదలుపెట్టల్యా' అని, వేలూరు దాంకా మమ్మల్నెవర్నీ మాట్లాడనీల్యా."