మొగిలి నెత్తి మీది ఇనుప టోపీ

ఎనభైల్లో ఎనుమాముల మార్కెటుకు మిర్చి బస్తాల లారీ తోలేటప్పటికి కట్టయ్యను అందరూ లడాయి కట్టయ్య అనేవాళ్లు. కొత్తగా చేరిన హమాలీలు ఆయన మిలిటరీలో పనిచేసి వచ్చాడనుకునేవాళ్లు. నిజానికి కట్టయ్య జన్మలో ఎవరి మీదా చెయ్యెత్తినవాడు కాదు. గొంతు పెంచి మాట్లాడింది కూడా తక్కువే. ఆ పేరు వేరే చోట, వేరే బండి మీద తగులుకుంది.

ఆయనది కేసముద్రం పక్కన ఒక చిన్న పల్లె. తండ్రి ఎడ్లబండ్లకు ఇరుసులు సరిచేసేవాడు. కట్టయ్య చిన్నతనంలోనే హనుమకొండకు వచ్చి ఒక మోటారు షెడ్డులో గ్రీజు డబ్బాలు మోశాడు. బండి నడపడం కంటే ముందు బండి విప్పడం నేర్చుకున్నాడు. డెబ్బై నాటికి సుబేదారిలో ఉండే రాజేశ్వర్ రావు దొర దగ్గర డ్రైవరుగా కుదురుకున్నాడు. దొరకు కలప డిపో ఉంది, ఊళ్లో పొలాలున్నాయి. ఆ రెండింటినీ మించి షికారు పిచ్చి, అంటే వేట పిచ్చి ఉంది. వేటకు పర్మిట్లు దొరికే కాలం అది. దొర వేలంలో ఒక మిలిటరీ జీపు కొని, పై టాపు పీకించి, వెనక నిలబడి పట్టుకోవడానికి ఒక పైపు బిగించి, దాన్ని వేటకే పెట్టాడు. నర్సంపేట దాటి పాకాల వైపు అడవిలోకి పోతే ఇక రోడ్డు ఉండదు. బండ్లబాట ఉంటుంది, అదీ లేని చోట ఒర్రె అనే ఎండిన వాగులో ఇసుక ఉంటుంది. ఆ ఇసుకలో జీపును కూరుకుపోకుండా తోలగలిగేది కట్టయ్య ఒక్కడే అని దొర నలుగురిలో చెప్పుకునేవాడు.

వేటలో డ్రైవరు కంటే జాడగాడు పెద్ద. పంది ఎటు పోయింది, ఎంతసేపయింది, ఒంటరిదా మందలోదా అని నేల చూసి చెప్పేవాడు జాడగాడు. అతని చోటు సీటులో కాదు, ముందు మడ్‌గార్డు మీద. ఒక కాలు బంపరు మీద పెట్టి, లైటు చట్రం ఒక చేత్తో పట్టుకుని, కళ్లు నేల మీద పెట్టి కూర్చుంటాడు. కుడికి అంటే కుడికి, ఆగు అంటే ఆగాలి.

జాడగాడికి ఒక మర్యాద ఉండేది. అడవి మొదట్లో జీపు ఆపి, దొర దిగి, కొత్త ఎర్రంచు రుమాలు స్వయంగా అతని తలకు చుట్టాలి. చుట్టిన రుమాలు జంతువు పడేదాకా దించకూడదు. మధ్యలో తలపాగా దిగితే ఆ రోజు వేట అక్కడితో సరి, అందరూ తిరుగుముఖం పట్టాల్సిందే. పడిన పంది తలకాయ రుమాలు కట్టుకున్నవాడి ఇంటికే పోతుంది. ఊళ్లో ఆ తలకాయ కూర ఉడికిందంటే దొర చేతి రుమాలు ఆ ఇంట్లో ఉన్నట్టు లెక్క.

ఈ మర్యాద చాలాకాలం వీరభద్రానిది. ఒకనాడు పందిని తరుముతుంటే బాట మీదికి వంగిన ఇప్పకొమ్మ ఒకటి అతని తలకు తగిలింది. స్టీరింగు కట్టయ్య చేతిలో ఉంది. కొమ్మను చూసి బ్రేకు కొట్టాడు, జీపు ఆగింది కూడా. కానీ వీరభద్రం నేల మీద ఉన్నాడు. బతికాడు. మాట మాత్రం సగమే మిగిలింది. నీళ్లు కావాలంటే చెంబు అంటాడు, భార్యను అమ్మా అంటాడు. మంచం మీద కూర్చుని ఎవరొచ్చినా నవ్వుతాడు.

ఆ తర్వాత రుమాలు మొగిలి తలకెక్కింది. మొగిలి కట్టయ్య చెల్లెలు సారలమ్మ భర్త. అతనికి రుమాలు వచ్చిన రోజు సారలమ్మ వాడకట్టంతా చక్కెర పంచింది. కట్టయ్య కూడా ఇంత నోట్లో వేసుకుని మొగిలి తల వైపు చూశాడు.

డెబ్బై ఒకటి చివర్లో జీపుకు స్ప్రింగు పట్టీలు కావాలని దొర ఆయన్ని సికింద్రాబాదు పంపాడు. అక్కడ పాత మిలిటరీ సామాను అమ్మే దుకాణంలో కట్టయ్య పట్టీలు ఏరుతుంటే మూలన ఇనుప టోపీలు బోర్లించి ఉన్నాయి. ఒకటి తీసి వేలి కణుపుతో కొట్టి చూశాడు. మంచి ఇనుము. రెండు తీసుకుని, గోనెసంచిలో కట్టుకుని రైలెక్కాడు.

అవి పాకిస్తానుతో యుద్ధం జరుగుతున్న రోజులు. వరంగల్ స్టేషన్లో దిగి సంచి విప్పిన పాపానికి రిక్షావాళ్లు చుట్టూ చేరారు.

“ఏంది కట్టయ్యన్నా, లడాయికి పోతాన్నవా?”

“పాకిస్తానోళ్లు పాకాల దాంక వచ్చిండ్రట, నీకు ఎరుకలేదా?”

“అన్నా, ఒకటి నాకియ్యి. మా ఆవిడ గరిటె ఎత్తితే పనికొస్తది.”

కట్టయ్య నవ్వి సంచి మూతి కట్టుకున్నాడు. పేరు మాత్రం ఆ సాయంత్రానికే పడిపోయింది.

టోపీల్లోపల మెత్త లేదు, ఉత్త ఇనుప డొప్పలు. సారలమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె ఒకదాన్ని తిప్పి తిప్పి చూసింది.

“చింతపండు నానేసుకునేటందుకు మంచిగుంటదే అన్నా.”

“నానేసుకునేది కాదు. నీ పెనిమిటి నెత్తికి. లోపల బొంత కుట్టియ్యి.”

సారలమ్మ నవ్వడం ఆపింది. ఇంట్లో ఉన్న దూది ఏకి, పాత చీర ముక్కలో పరిచి, బొంత కుట్టినట్టే దగ్గర దగ్గరగా కుట్లేసి టోపీ లోపలికి సరిపడా గుండ్రంగా కుట్టింది. కట్టయ్య ఒక పాత తోలుబెల్టు కోసి గదవ కింద బిగించే పట్టీ చేశాడు.

యుద్ధం ఆగింది. మిర్చి ఏరుడు మొదలైన రోజుల్లో దొర వేటకు బయలుదేరాడు. అడవి మొదట్లో జీపు ఆగింది. దొర రుమాలు చుట్టాడు. అప్పుడు కట్టయ్య సీటు కింద నుంచి టోపీ తీసి మొగిలికి ఇచ్చాడు.

“ఇదేంది బావా? రుమాలు దించొద్దు గదా!”

“దించకు. మీదికెళ్లి పెట్టుకో. ఇంక మెత్తగుంటది.”

కట్టయ్య నిజంగానే అలా అనుకున్నాడు. లోపల బొంత ఉంది, దాని కింద రుమాలు ఉంది, దెబ్బ ఎక్కడ తగులుతుందని. కానీ ఎర్రంచు రుమాలంటే చిన్న గుడ్డ కాదు, చుట్టిన కొద్దీ చుట్టు వస్తుంది. దాని మీద టోపీ దుత్త మీద మూకుడులా నిలబడింది. పట్టీ గదవ దాకా అందలేదు. మొగిలి పట్టీని చెవి వెనక దోపుకున్నాడు. దొర పగలబడి నవ్వాడు.

“అరేయ్ మొగిలీ, పంది నిన్ను జూసి తనంతల తనే పండుకుంటదిరా!”

జీపు మొదటి గుంతలో దిగి లేవగానే టోపీ ఎగిరిపోయింది. బానెట్టు మీద టంగుమని పడి, దొర్లుకుంటూ ఒర్రెలోకి పోయింది. ఆ చప్పుడుకు ముందున్న మంద మొత్తం చెదిరింది. ఆ పూట పంది దొరకలేదు. జీపు వట్టిదే తిరిగొచ్చింది. దిగేటప్పుడు దొర ఒక్క మాట అన్నాడు: “నువ్వు బండి జూసుకో కట్టయ్యా. నెత్తులు మేం జూసుకుంటం.”

కట్టయ్యకు అర్థమైంది ఏమిటంటే టోపీ లోపల ఉండాలి, రుమాలు బయట ఉండాలి. తలకు అంటి ఉండాల్సింది ఇనుము, కనిపించాల్సింది గుడ్డ. కానీ ఈ మాట మొగిలి దగ్గర అనగానే అతను ముఖం ముడుచుకున్నాడు.

“దొర చేతి రుమాలు ఇనుప బొచ్చెకు చుట్టిచ్చుకుందునా? రేపు వాడకట్టుల ఏమంటరు? భయపడ్డడంటరు. వీరభద్రం మామ ఎన్నడన్న పెట్టుకున్నడా?”

“పెట్టుకోలే. గందుకే చెంబు చెంబు అంటాండు,” అన్నాడు కట్టయ్య.

మొగిలికి కోపమొచ్చి బయటికి వెళ్లిపోయాడు. పొయ్యి ముందు కూర్చున్న సారలమ్మ ఇటు తిరిగింది.

“అన్నా, ఒక మాట అడుగుతా. నువ్వు రెండు తెచ్చినవ్ గదా. రెండోది ఎవ్వలికి?”

“నాకే.”

“ఒక్కనాడన్న పెట్టుకున్నవా?”

స్టీరింగు ఉన్నవాడికి పట్టు ఉంటుంది, తనకేమీ కాదని కట్టయ్య ధీమా. అసలు సంగతి అది కూడా కాదు. పెట్టుకుంటే నవ్వుతారని.

“నీకు సిగ్గయితాంది. ఆయనకు కాదా?” అంది సారలమ్మ. “రుమాలు కట్టుకునేటోని తలకాయనే తలకాయనా? నీదేమన్న ఇనుముదా?”

తర్వాతి వేట ఖాయమైన రోజు పొద్దున కట్టయ్య టోపీ పెట్టుకుని, పట్టీ గదవ కింద బిగించి, జీపు తీశాడు. అడవిలో కాదు, సుబేదారి నుంచే. హనుమకొండ చౌరస్తాలో చాయ్ హోటలు ముందు ఎప్పటిలాగే బండి ఆపి చాయ్ తెమ్మన్నాడు. తాగుతున్నవాళ్లు గ్లాసులు పట్టుకుని బయటికొచ్చారు.

“కట్టయ్యా, లడాయి అయిపోయింది. నీకెవ్వరు చెప్పలేదా?”

“ఆగుండ్రి, తుపాకి లోపల పెట్టిండేమో, జర దూరముండుండ్రి!”

“జనరల్ సాబ్, సలాం!”

కట్టయ్య చెవులు ఎర్రబడ్డాయి. అయినా చాయ్ ఊదుకుని ఊదుకుని తాగాడు. టోపీ తీయలేదు. వెనక సీట్లో ఉన్న మొగిలి మాత్రం మొహం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు. ముందురోజే నర్సంపేటకు పోయిన దొర కోసం అక్కడ ఆగినప్పుడూ అదే తంతు. బస్సు కిటికీల్లోంచి తలలు బయటికొచ్చాయి. అడవి మొదలు చేరేసరికి నవ్వేవాళ్లు అలసిపోలేదు గానీ, నవ్వులపాలైనవాడు అలసిపోయాడు. చెమట బొంతలోంచి కారి కళ్లలో పడుతోంది.

జీపు ఆగింది. దొర దిగి కొత్త రుమాలు మడతలు విప్పాడు. మొగిలి వెనక సీటు దిగి, రుమాలు వైపు పోకుండా, కట్టయ్య సీటు దగ్గరికి వచ్చాడు.

“రెండోది ఏది బావా?”

కట్టయ్య సీటు కింద నుంచి తీసి ఇచ్చాడు. మొగిలి తలకు పెట్టుకుని గదవ ఎత్తాడు. కట్టయ్య పట్టీ బిగించి, వేలు దూరుతుందో లేదో చూశాడు. అప్పుడు మొగిలి పోయి దొర ముందు తల వంచాడు.

“కట్టుండ్రి దొరా.”

“దేనికి కట్టాల్రా? బొచ్చెకా?”

“నా తలకాయ దాని లోపట్నే ఉన్నది దొరా. మీరు కట్టుండ్రి.”

దొర ఒక చేత్తో రుమాలు పట్టుకుని, రెండో చేత్తో టోపీని తట్టి చూశాడు. మొగిలి వంచిన తల లేవలేదు. ఎదురు చెప్పినట్టు కాదు, కట్టించుకుంటానని అడుగుతున్నట్టే ఉంది. కట్టకపోతే జాడగాడు లేడు, జాడగాడు లేకపోతే వేట లేదు. “మీ బావా బామ్మర్దులది పెద్ద పరేషానైందిరా,” అంటూ దొర రుమాలు చుట్టాడు. నున్నటి ఇనుము మీద గుడ్డ జారుతోంది. రెండుసార్లు విప్పి, మూడోసారి కొస తోలుపట్టీ కిందికి దోపి ముడివేశాడు. చూస్తే మామూలు తలపాగాలాగే ఉంది, కొంచెం పెద్దది, అంతే.

మధ్యాహ్నానికి పెద్ద ఒంటరి పంది జాడ దొరికింది. మొగిలి చెయ్యి చూపిన వైపల్లా కట్టయ్య తోలాడు. పంది ఒర్రె దాటింది. జీపు దాని వెనకే దిగింది. ఇసుక కింద నీటి కోత గుంత ఒకటి ఉంది, పైకి కనబడదు. ముందు చక్రం అందులో పడింది. జీపు ముక్కు దించి ఆగిపోయింది. మొగిలి ఎగిరి అవతలి గట్టు బండకు తల కొట్టుకుని పడ్డాడు.

ఆ చప్పుడు కట్టయ్యకు తెలుసు. అయినా ఇది అది కాదు. అప్పుడు వీరభద్రం తలకు మెత్తగా వినిపించింది, ఇప్పుడు టంగుమంది.

కట్టయ్య తలుపు లేని జీపులోంచి దూకి ఉరికాడు. మొగిలి కళ్లు తెరిచే ఉన్నాయి.

“మొగిలీ! నేనెవల్ని? చెప్పు, నేనెవల్ని?”

“నువ్వెవరేంది బావా?” అన్నాడు మొగిలి చిరాకుగా. “రుమాలున్నదా, దిగిందా?”

“ఉన్నది, ఉన్నది.”

“మరింక నడువు, పంది పోతాంది,” అని లేవబోయి, చెయ్యి నేలకు ఆనించి, “అమ్మో” అని కూలబడ్డాడు. ముంజేయి వంకరగా ఉంది.

పంది పోయింది. దొర టోపీ మీద చేయి వేసి రుమాలు పక్కకు జరిపి చూశాడు. అరచెయ్యంత సొట్ట ఉంది. తన కండువా విప్పి మొగిలి చేతికి ఊయలలా కట్టమని ఇచ్చాడు.

చీకటి పడేలోపు దవాఖానలో కట్టు వేశారు. సారలమ్మ వచ్చేసరికి మొగిలి మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. ఆమె చేతి కట్టు చూసి అన్న మీద పడింది.

“నెత్తికి తొడిగినవ్ సరే. చెయ్యికెందుకు తొడగలే? మిర్చి ఏరుడు నువ్వొచ్చి ఏరుతవా?”

“దానికి సుత ఒక తొడుగు దొరుకుతదేమో గానీ, బావను మళ్ల సికింద్రాబాద్ పొమ్మనకు,” అన్నాడు మొగిలి. “ఈసారి రైలింజను పట్టుకొస్తడు.”

కట్టయ్య వాళ్ల మాటలు వినడం లేదు. మంచం వెనక్కి వెళ్లి, మొగిలి జుట్టు పాయలు పాయలుగా తీస్తూ తలంతా వేళ్లతో తడుముతున్నాడు. నుదురు దగ్గర మొదలుపెట్టి, చెవుల పక్క నుంచి, మెడ దాకా. ఎక్కడా బొప్పి లేదు, తడి లేదు.

“ఏందది బావా, పేన్లు చూస్తాన్నవా?”

“ఆఁ, పేన్లే,” అన్నాడు కట్టయ్య. “కదలకు.”

మళ్లీ మొదటి నుంచి చూడటం మొదలుపెట్టాడు.